సేవకొక ఖరీదు, యంత్రానికొక ఖరీదు

ఏటా ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక మన సంఘాల ఆఫీసులకు వచ్చే ఆడపిల్లలు, వాళ్ల తల్లులు ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. పిల్ల బైపీసీ చదివింది, డాక్టరు సీటు వచ్చే మార్కులు కావు, డబ్బు పోసి సీటు కొనే స్తోమతు లేదు. నర్సింగులో చేర్పించాలా, స్కానింగు కోర్సులో చేర్పించాలా? అడిగే తీరులోనే సగం జవాబు ఉంటుంది. నర్సింగంటే చాకిరీ, రాత్రి డ్యూటీలు, పెళ్లి సంబంధాల దగ్గర చిన్నచూపు. ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. అంటే టెక్నికల్ ఉద్యోగం, ఏసీ గది, గౌరవం, మంచి జీతం. మనుషుల్ని ముట్టుకునే పని తక్కువది, మీట నొక్కే పని ఎక్కువది అనే ఈ లెక్క మన సమాజానికి కొత్తేమీ కాదు. మలమూత్రాలు తుడిచే చేతికి మనం ఎప్పుడూ ఒకే చోటు చూపించాం.

అయితే ఈ లెక్క జీతాల పట్టికలో కూడా నిజమేనా? స్త్రీల శ్రమ గురించి మాట్లాడే మనం ఆ ప్రశ్నకు ఊహతో కాక వివరాలతో జవాబు చెప్పాలి. అందుకే ఈ సంచికలో ఈ రెండు ఉద్యోగాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

మొదట ప్రభుత్వోద్యోగం. 2024లో రైల్వే శాఖ పారామెడికల్ పోస్టులకు ఇచ్చిన ప్రకటననే తీసుకుందాం. 7వ వేతన సంఘం స్కేళ్ల ప్రకారం అందులో నర్సింగ్ సూపరింటెండెంట్‌కు, అంటే పేరు పెద్దదైనా వార్డులో స్టాఫ్ నర్సు పని చేసే మనిషికి, మూలవేతనం రూ. 44,900. రేడియోగ్రాఫర్‌కు రూ. 29,200. నెలకు 15,700 రూపాయల తేడా. కరువు భత్యం, ఇంటద్దె భత్యం మూలవేతనం మీద శాతాలుగా లెక్కిస్తారు కనుక చేతికొచ్చే జీతంలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పోస్టుల సంఖ్య కూడా చూడండి. నర్సు పోస్టులు 713, రేడియోగ్రాఫర్ పోస్టులు 64. తెలంగాణలో 2022 డిసెంబరులో వైద్య నియామకాల బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు స్కేలు 36,750 నుంచి 1,06,990 రూపాయల దాకా ఉంది. ఎక్స్‌రే, సి.టి. గదుల కోసం ఒకేసారి అన్ని వేల ఉద్యోగాలు పడే పరిస్థితి ఎక్కడా లేదు. వార్డుకు మూడు షిఫ్టుల్లో నర్సులు కావాలి, యంత్రానికి ఒకరిద్దరు చాలు.

అంటే ఊళ్లో అనుకునేదానికి సర్కారు పట్టిక పూర్తిగా ఎదురు చెబుతోంది. దీనికి కారణం ప్రభుత్వానికి నర్సుల మీద ప్రత్యేకమైన ప్రేమ ఉండటం కాదు. జి.ఎన్.ఎం. మూడేళ్ల చదువు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ల చదువు. ఇమేజింగులో మన దగ్గర చాలామంది చేసేది రెండేళ్ల డిప్లొమా. ఇది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైన కారణం నర్సుల సంఘాలు. వేతన సంఘాల ముందు దశాబ్దాల పాటు విజ్ఞాపనలిచ్చి, సమ్మెలు చేసి, తమది ఊడిగం కాదు వృత్తి అని వాదించి సాధించుకున్న ఫలితమిది. 6వ వేతన సంఘం తర్వాత కేంద్రంలో స్టాఫ్ నర్సుకు 4,600 గ్రేడ్ పే వచ్చింది. 2016లో కేంద్ర ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు పేరు నర్సింగ్ ఆఫీసరుగా మారింది. పేరులో ఏముంది అనుకోకండి. 'సిస్టర్' అని పిలిచి చెల్లెలి దగ్గర చేయించుకున్నట్టు పని చేయించుకోవడానికీ, ఆఫీసరని పిలిచి పని అప్పగించడానికీ తేడా ఉంది.

ఇప్పుడు రోడ్డు దాటి ప్రైవేటు ఆసుపత్రిలోకి వెళ్దాం. మన రాష్ట్రాల్లో నర్సుల్లో చాలామంది ఉన్నది అక్కడే. అక్కడ సర్కారు పట్టికలు చెల్లవు. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు శిక్షణ పొందిన నర్సుల సంఘం వేసిన కేసులో ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలు, పని పరిస్థితులు పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ చెప్పింది స్పష్టంగానే ఉంది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో నర్సుకు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతమివ్వాలి. 100 దాటితే ప్రభుత్వ జీతం కంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 పడకల మధ్యయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్న చోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. ఇది సిఫారసు మాత్రమే, అమలు చేయాల్సింది రాష్ట్రాలు. కేరళలో అది కొంతవరకు కదిలింది. 2011లో పుట్టిన నర్సుల సంఘం వరుస సమ్మెలు చేసి, 2017లో ప్రభుత్వాన్ని చర్చలకు కూర్చోబెట్టి, 2018లో కనీస వేతనాల ఉత్తర్వు తెప్పించుకుంది. సిఫారసు కాగితం ఒకటే. ఒక చోట దాని వెనక వేలాదిమంది నర్సులు నిలబడ్డారు, మన చోట ఆ కాగితం ఫైల్లో ఉండిపోయింది.

రేడియోగ్రాఫర్ల విషయంలో అలాంటి కమిటీ కూడా వేయలేదు. ప్రైవేటులో వాళ్ల జీతం పూర్తిగా బేరసారాల మీద నడుస్తుంది. సి.టి., ఎం.ఆర్.ఐ. నడపడం వచ్చి, నాలుగైదేళ్ల అనుభవముంటే పెద్ద నగరంలో బేరమాడగలరు. ఎక్స్‌రే ఒక్కటే వచ్చిన మనిషికి చిన్న పట్టణపు డయాగ్నస్టిక్ సెంటర్లో ఆ బలం లేదు. అక్కడ ఫిల్ము తీయడం, రిసెప్షన్లో కూర్చోవడం, బిల్లు రాయడం, రాత్రి ఎమర్జెన్సీకి ఫోను చేస్తే రావడం అన్నీ ఒకే ఉద్యోగం. ఇలాంటి సెంటర్లలో పనిచేసే అమ్మాయిలతో మాట్లాడినప్పుడు నాకర్థమైంది ఒకటే. 'టెక్నికల్' అనే మాట వాళ్లకు పెళ్లిచూపుల్లో పనికొస్తోంది గానీ జీతం రోజున పనికిరావడం లేదు.

అయినా ఒకే ఆసుపత్రిలో నర్సు కన్నా స్కానింగు టెక్నీషియన్‌కు యాజమాన్యం ఎక్కువ విలువిస్తున్నట్టు ఎందుకనిపిస్తుంది? ఆసుపత్రి బిల్లు తీసి చూస్తే తెలుస్తుంది. సి.టి. స్కాను బిల్లులో ఒక వరుస. దానికొక ధర, దాని నుంచి ఒక లాభం. యంత్రం కొన్న అప్పు తీరాలంటే రోజుకిన్ని స్కాన్లు పడాలి. టెక్నీషియన్ రాకపోతే ఆ రోజు రాబడి ఆగిపోతుంది, యజమానికి వెంటనే తెలుస్తుంది. నర్సు పని మాత్రం పడక అద్దెలో కలిసిపోతుంది. 'నర్సింగ్ ఛార్జీలు' అని వేరే వరుస వేసినా రోజుకింత అని వేస్తారు. రాత్రి రెండు గంటలకు పేషెంటు ఊపిరి తేడా గమనించి డాక్టర్ని లేపినందుకు, తప్పు మందు పడకుండా ఆపినందుకు, భయపడుతున్న ముసలమ్మ చెయ్యి పట్టుకున్నందుకు బిల్లులో వరుస లేదు. ఇంట్లో స్త్రీ చేసే పని జాతీయాదాయంలో కనపడనట్టే ఆసుపత్రిలో నర్సు చేసే పని ఆసుపత్రి ఆదాయంలో కనపడదు. ఆ పని లేకపోతే ఏమవుతుందో మాత్రం అందరికీ కనపడుతుంది. బోధనాసుపత్రిలో మూడు పడకలకొకరు, సాధారణాసుపత్రిలో అయిదు పడకలకొకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం పెట్టింది. ఒక్క నర్సు మొత్తం వార్డును చూసుకుంటున్న రాత్రులు మన అందరికీ తెలుసు.

ఇక ఎదుగుదల సంగతి. నర్సుకు నిచ్చెన ఉంది. స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ రెండో గ్రేడు, మొదటి గ్రేడు. పై చదువు చదివితే నర్సింగ్ కాలేజీలో బోధన. కానీ మెట్లు చాలా దూరం దూరంగా ఉన్నాయి. ఇరవై ఏళ్లు స్టాఫ్ నర్సుగానే ఉండి, హెడ్ నర్సై, ఆ వెంటనే రిటైరైన వాళ్లను ఏ జిల్లాలోనైనా చూడవచ్చు. నిచ్చెన పై చివర కూడా నర్సు చేతిలో నిర్ణయం లేదు. సిబ్బంది సంఖ్య, బదిలీలు, బడ్జెట్టు డాక్టర్ల చేతిలోనే ఉంటాయి. నర్సులకు సొంత డైరెక్టరేట్ కావాలన్న డిమాండు అందుకే ఇన్నేళ్లుగా నడుస్తోంది.

రేడియోగ్రాఫర్ నిచ్చెన ఇంకా పొట్టిది. సీనియర్, చీఫ్ పోస్టులు ఆసుపత్రికొకటి ఉంటే ఎక్కువ. రిపోర్టు రాయడం రేడియాలజిస్టు డాక్టరు పని, అక్కడ గోడ ఉంది. ఇంగ్లండులో శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు కొన్ని రకాల ఎక్స్‌రేలకు తామే రిపోర్టు రాస్తారు, అల్ట్రాసౌండ్ చేస్తారు. అమెరికాలో సోనోగ్రాఫర్ ఉద్యోగం చేసేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. 2023 మే నాటి అక్కడి ప్రభుత్వ లెక్కల్లో సోనోగ్రాఫర్ మధ్యస్థ వార్షిక వేతనం 84,470 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సుది 86,070 డాలర్లు. దాదాపు సమానం. మన దేశంలో ఆ తలుపు టెక్నీషియన్లకు మూసి ఉంది. మూసింది గర్భస్థ లింగ నిర్ధారణను నిరోధించే 1994 నాటి చట్టం, 2003లో దానికి వచ్చిన సవరణ. గర్భిణికి స్కాను చేసేవాళ్లు నిర్ణీత అర్హతలున్న డాక్టర్లే అయి ఉండాలి.

ఈ చట్టం కోసం పోరాడింది మనమే. స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు 2000లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి దాన్ని అమల్లో పెట్టించారు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపుతున్న దేశంలో ఆ కట్టడి అవసరం, ఈ రోజుకూ అవసరమే. దాన్ని సడలించమని నేను అనడం లేదు. కానీ ఒక సంగతి గమనించాలి. లింగ నిర్ధారణ వ్యాపారంలో లాభపడింది యంత్రాల యజమానులు, డిగ్రీలున్న కొందరు డాక్టర్లు. దాని కట్టడి భారం ఒక వృత్తి ఎదుగుదల మీద కూడా పడింది, అందులో చేరిన అమ్మాయిల మీద పడింది. అందుకని ఆ చట్టాన్ని ముట్టుకోకుండానే ఎం.ఆర్.ఐ., సి.టి., మామోగ్రఫీ, రేడియోథెరపీ రంగాల్లో వాళ్లకు పై మెట్లు కట్టమని అడిగే బాధ్యత కూడా మన మీదే ఉంది. మామోగ్రఫీ ఒక్కటి చాలు ఉదాహరణకు. రొమ్ము పరీక్షకు గదిలోకి వెళ్లిన స్త్రీ అక్కడ మగ టెక్నీషియన్ను చూసి వెనక్కి వచ్చేసిన సంగతులు మన ఆరోగ్య శిబిరాల్లో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. ఆ గదిలో స్త్రీ ఉండటం ఉపాధి ప్రశ్నే కాదు, పేషెంటు హక్కు కూడా.

మరి ఇమేజింగులో ఆడవాళ్లు ఎందుకు తక్కువ? 'రేడియేషనమ్మా, పిల్లలు పుట్టరు' అని ఇంటర్వ్యూలోనే చెప్పి పంపేస్తున్నారని చాలామంది అంటారు. అసలు సంగతి ఇది. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ.లలో అయనీకరణ రేడియేషనే లేదు. ఎక్స్‌రే, సి.టి.లలో ఉంది. దానికి అణుశక్తి నియంత్రణ బోర్డు హద్దులు పెట్టింది. ఉద్యోగికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భవతినని తెలియజేశాక పిండానికి పడే మోతాదుకు ఇంకా కఠినమైన హద్దు ఉంది. ఛాతీ మీద పెట్టుకునే టి.ఎల్.డి. బ్యాడ్జి, సీసపు ఆప్రాను, గోడల మందం, ఇవన్నీ యజమాని ఏర్పాటు చేయాల్సినవి. అవి సరిగ్గా ఉంటే ఆడవాళ్లను తీసుకోకపోవడానికి కారణం లేదు. అవి లేకపోతే అక్కడ మగవాళ్లు కూడా పని చేయకూడదు. గదిని సురక్షితం చేయడానికి ఖర్చవుతుంది కనుక స్త్రీని బయటికి పంపడం యజమానికి చౌక. నర్సు పనిలోనూ ప్రమాదాలున్నాయి. సూది గుచ్చుకోవడం, రోగిని ఎత్తి నడుం పోగొట్టుకోవడం, రోగి బంధువుల చేతి దెబ్బలు, రాత్రి డ్యూటీలో వేధింపులు. వాటి గురించి 'పిల్లలు పుట్టరు' అని ఎవరూ హెచ్చరించరు. చాకిరీలో ఉన్న ప్రమాదం సహజమని మనకు నేర్పారు.

పర్మినెంటు, కాంట్రాక్టు అనే గోడ ఈ రెండు వృత్తులనూ అడ్డంగా చీల్చింది. పైన చెప్పిన స్కేళ్లు పర్మినెంటు వాళ్లవి. అదే వార్డులో అదే ఇంజక్షన్ ఇచ్చే అవుట్‌సోర్సింగ్ నర్సుకు అందులో చిన్న భాగమే అందుతుంది. 2020 జులైలో, కోవిడ్ మధ్యలో, హైదరాబాదు గాంధీ ఆసుపత్రి అవుట్‌సోర్సింగ్ నర్సులు విధులు ఆపి బయట కూర్చున్నది ఇందుకే. చప్పట్లు కొట్టించుకున్న ఆ వృత్తిలోనే, రెండో అల తగ్గగానే 2021 జులైలో తెలంగాణలో వెయ్యిమందికి పైగా అవుట్‌సోర్సింగ్ నర్సుల్ని ఇంటికి పంపారు. ఇమేజింగులో ఇది మరో రూపంలో వచ్చింది. 2015 నాటి జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాలే సి.టి., టెలిరేడియాలజీలకు ప్రైవేటు భాగస్వామ్యాన్ని సూచించాయి. ప్రభుత్వాసుపత్రి ఆవరణలోనే యంత్రం కాంట్రాక్టరుది, టెక్నీషియన్ కాంట్రాక్టరు మనిషి. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో చెప్పిన మాట ఈ గేటు దగ్గరే ఆగిపోయింది.

చట్టం దగ్గరికి వద్దాం. 1976 నాటి సమాన వేతన చట్టం 'అదే పని లేదా అదే తరహా పని'కి స్త్రీ పురుషులకు సమాన వేతనమంది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ కూడా ఆ మాట దగ్గరే ఆగింది. నర్సుదీ రేడియోగ్రాఫర్‌దీ ఒకే తరహా పని కాదు కనుక ఈ చట్టం వాళ్ల మధ్య పోలిక పెట్టదు. కానీ మన దేశం 1958లోనే ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడిక అడిగేది 'సమాన విలువ గల పని'కి సమాన వేతనం. రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఇంగ్లండు అనుభవం చెబుతుంది. అక్కడ పామ్ ఎండర్బీ అనే స్పీచ్ థెరపిస్టు, దాదాపు అందరూ స్త్రీలే ఉన్న తన వృత్తికి, పై హోదాల్లో మగవాళ్లు ఎక్కువగా ఉన్న ఫార్మసిస్టుల వృత్తి కన్నా తక్కువ జీతం ఎందుకని 1986లో కేసు వేసింది. 1993లో యూరోపియన్ న్యాయస్థానం, సంఘాలతో విడివిడిగా బేరాలు కుదిరాయన్న జవాబు చాలదు, లింగంతో సంబంధం లేని కారణం యజమానే చూపించాలి అంది. ఇలాంటి కేసుల ఒత్తిడి కూడా ఉండబట్టే 2004లో అక్కడి జాతీయ ఆరోగ్య సేవలో ప్రతి ఉద్యోగాన్నీ నైపుణ్యం, బాధ్యత, శారీరక శ్రమ, మానసికమైన ఒత్తిడి అనే కొలతలతో తూచి బ్యాండ్లుగా విభజించారు. కొత్తగా చేరిన నర్సు, కొత్తగా చేరిన రేడియోగ్రాఫర్ ఇద్దరూ అయిదో బ్యాండులోనే మొదలవుతారు. ఏడుస్తున్న మనిషిని ఓదార్చడం కూడా అక్కడి కొలతల్లో ఒక పనిగా లెక్కకొచ్చింది. అక్కడి నర్సులకు కష్టాలు తీరాయని కాదు, 2022 డిసెంబరులో వాళ్లు కూడా సమ్మె చేశారు. కానీ కొలబద్ద బయట పెట్టారు, దాని మీద వాదించవచ్చు. మన దగ్గర కొలబద్దే లేదు.

కాబట్టి మన దగ్గరికొచ్చే ఆడపిల్లకు ఏం చెబుదాం? పర్మినెంటు ఉద్యోగమూ, విదేశీ అవకాశమూ చూసుకుంటే నర్సింగుకే వీలు ఎక్కువ. గల్ఫుకు వెళ్లే నర్సుల్ని 2015 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలన్న నిబంధన వచ్చింది, మన రెండు రాష్ట్రాలకూ అలాంటి సంస్థలున్నాయి. దళారి మాట నమ్మవద్దని చెబుదాం. ఇమేజింగులో చేరేదైతే ఏడాది సర్టిఫికెట్టుతో, రెండేళ్ల డిప్లొమాతో ఆగకుండా డిగ్రీ దాకా వెళ్లమని, కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూడమని చెబుదాం. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. నర్సులకు 1947 నుంచే జాతీయ కౌన్సిల్ ఉండగా రేడియోగ్రాఫర్లకు జాతీయ స్థాయిలో చట్టబద్ధమైన గుర్తింపు దొరకడానికి అన్నేళ్లు పట్టింది. ఏ ఉద్యోగంలో చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం చేతికివ్వవద్దని, బాండు కాగితం మీద చదవకుండా సంతకం పెట్టవద్దని గట్టిగా చెబుదాం.

అయితే సలహాతో మన పని తీరిపోదు. అడగవలసినవి అడగాలి. 2016 కమిటీ సిఫారసులను రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చట్టబద్ధమైన ఉత్తర్వుగా ఇవ్వాలి, రేడియోగ్రాఫర్లు, ల్యాబు టెక్నీషియన్లు కూడా అందులోకి రావాలి. ఆసుపత్రి లైసెన్సు ఇచ్చేటప్పుడు పడకల సంఖ్య అడిగినట్టే నర్సుల సంఖ్య, జీతాల చెల్లింపు రుజువు అడగాలి. టి.ఎల్.డి. బ్యాడ్జి రీడింగు ఉద్యోగి చేతికివ్వాలి. కేంద్రం 2025లో వేసిన 8వ వేతన సంఘం ముందు, పని విలువను తూచే కొలబద్ద కావాలని నర్సుల సంఘాలు, టెక్నీషియన్ల సంఘాలు కలిసి అడగాలి, వాళ్ల పక్కన మనం కూడా సంతకం పెట్టాలి. నర్సు జీతం చూపించి టెక్నీషియన్ను, టెక్నీషియన్ బేరం చూపించి నర్సును యాజమాన్యాలు తగ్గిస్తూ వచ్చాయి. మన పోలిక దానికి ఉపయోగపడకూడదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ అని కాక, ఇద్దరి పనినీ తూచే తరాజు ఎవరి చేతిలో ఉందని అడగడం మొదలుపెడదాం.